ఎండావానల పద్దు

మొన్న గురువారం పరాభవ నామ సంవత్సరంలో అడుగుపెట్టాం. పంచాంగ శ్రవణంలో ఎప్పటిలాగే ఈ ఏడు వాన ఎన్ని కుంచాలో, అందులో సముద్రానికి పోయేదెంతో, కొండల మీద పడేదెంతో, మన నేలకు దక్కేదెంతో విన్నాం. నాలుగు రోజులు తిరిగేసరికి, ఇవాళ మార్చి 23న, ప్రపంచ వాతావరణ దినోత్సవం వచ్చింది. 1950లో ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పందం అమల్లోకి వచ్చిన తేదీ ఇది. పంచాంగం రాబోయే వానను లెక్కగడుతుంది. వాతావరణ శాఖ ముందుగా కురిసిన వానను లెక్కగట్టి, ఆ లెక్క మీద నిలబడి రాబోయేదాన్ని అంచనా వేస్తుంది. ఈ సంపాదకీయం ఆ రెండో లెక్క గురించి.

అరవై ఏళ్ల చక్రంలో కిందటి పరాభవ 1966-67. ఆ ఏడాది రోహిణి కార్తెలో, జూన్ 2వ తేదీన, హైదరాబాద్ బేగంపేట కేంద్రంలో 45.5 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. భారత వాతావరణ విభాగం రికార్డుల్లో ఈ నగరానికి ఇప్పటికీ అదే అత్యధికం. అరవై వేసవులు గడిచినా దాన్ని దాటిన రోజు లేదు. ‘ఏటేటా ఎండలు మండిపోతున్నాయని ఊదరగొడుతున్నారు గదా, మరి 1966 నాటి రికార్డు ఎందుకు చెక్కుచెదరలేదు?’ అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. వాతావరణం మారుతోందని నమ్మేవాళ్లు సైతం ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా నమ్మితే అది వట్టి నమ్మకమే అవుతుంది.

జవాబుకు ముందు, రికార్డు అనేది ఎలా పుడుతుందో చూద్దాం. పత్రికలో పెద్ద అక్షరాల్లో కనబడే ఆ అంకె పుట్టేది చాలా చిన్నచోట. పాత తాలూకా కచేరీ ఆవరణలో, ముళ్లకంచె లోపల, నేలలోకి కాస్త పాతిన వాన కొలిచే గొట్టం, దాని మీద గరాటు. గరాటు మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున, ఎటూ వాలకుండా ఉండాలి. దగ్గర్లో చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం పాటించాలి. పొద్దున ఎనిమిదిన్నరకు మనిషి వచ్చి గరాటు తీస్తాడు. లోపలి సీసాలోని నీళ్లను గీతలున్న గాజు కొలపాత్రలోకి ఒంపుతాడు. దాన్ని కళ్లకు సరిగ్గా ఎదురుగా పట్టుకుని, నీటి మీది వంపు అడుగుభాగం ఏ గీతను తాకిందో చూసి రిజిస్టర్లో రాస్తాడు. పాత్రను నాలుగు వేళ్లు పైకెత్తి చూసినా, కిందికి దించి చూసినా అంకె మారిపోతుంది. వాన పడని రోజున సున్నా రాయాలి. ఆ సున్నాలు రాయని రిజిస్టర్‌లో ఖాళీ గడి కనబడితే, ఆ రోజు వాన లేదో, మనిషి రాలేదో యాభై ఏళ్ల తర్వాత చూసేవాడికి తెలిసే దారి ఉండదు.

ఎండ కొలిచేందుకు తెల్లరంగు పూసిన చెక్కపెట్టె ఉంటుంది. నాలుగు కాళ్ల మీద మనిషి ఛాతీ ఎత్తున నిలబెడతారు. గాలి ఆడేందుకు నాలుగు వైపులా వాలు పలకలు. తలుపు మన దేశంలో ఉత్తరానికే తెరుచుకోవాలి, లేకపోతే చూసే క్షణంలో థర్మామీటర్ మీద ఎండ పడుతుంది. లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీర్ థామస్ స్టీవెన్‌సన్ రూపొందించిన పెట్టె ఇది. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్‌కు ఆయన తండ్రి. ఈ పెట్టెలో, నీడలో, గాలి తగిలే చోట కొలిచిందే లెక్క. కారు డాష్‌బోర్డు మీద కనబడే 50 డిగ్రీలు, తారురోడ్డు మీద కోడిగుడ్డు వేయించిన వీడియోలు లెక్కలోకి రావు.

ఇంత పట్టింపు ఎందుకంటే, పొరపాటు ఎక్కడైనా దొర్లవచ్చు. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబర్ 13న 57.8 డిగ్రీలు నమోదైందని తొంభై ఏళ్లపాటు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకుంది. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ నిపుణులు ఆ కేంద్రం పాత పుస్తకం తిరగేశారు. ఆ రోజుల్లో అక్కడ కొత్తగా చేరిన మనిషికి ఆ రకం థర్మామీటర్ అలవాటు లేదు. లోపలి సూచికను ఒక చివర చదవాల్సింది మరో చివర చదివాడు. తేడా దాదాపు ఏడు డిగ్రీలు! ఆ రికార్డు కొట్టేశారు. ఇప్పుడు కాలిఫోర్నియా డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 56.7 డిగ్రీలే అధికారిక ప్రపంచ రికార్డు. మన దగ్గరా అలాంటిదే జరిగింది. 2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేశ్‌పూర్‌లోని ఆటోమేటిక్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. దేశ చరిత్రలోనే అత్యధికమంటూ టీవీలు హోరెత్తించాయి. తనిఖీ చేస్తే అక్కడి సెన్సర్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని వాతావరణ విభాగమే ప్రకటించింది. దాంతో రాజస్థాన్‌లోని ఫలోదీలో 2016 మే 19న నమోదైన 51 డిగ్రీలే దేశ రికార్డుగా నిలిచింది. తన రికార్డును తానే కొట్టేసుకునే సంస్థ చెప్పే మిగతా రికార్డులను నమ్మవచ్చు. ప్రభుత్వ శాఖల్లో ఇది అరుదైన గుణం.

ఇక అసలు లెక్కకు వద్దాం. వాతావరణం మారడం లేదనుకుందాం. అంటే ఏ సంవత్సరమైనా మరో సంవత్సరంలాంటిదే, హెచ్చుతగ్గులన్నీ కాకతాళీయం. అప్పుడు ఒక ఊళ్లో కొత్తగా కొలవడం మొదలెడితే, తొలి ఏడాది అంకె ఎంతైనా అదే రికార్డు. రెండో ఏడాది దాన్ని దాటడానికి సగం అవకాశం. మూడో ఏడాది మూడింట ఒక వంతు. పదో ఏడాది పదింట ఒకటి, నూరో ఏడాది నూటికి ఒకటి. వీటన్నిటినీ కూడితే, వందేళ్లలో ఒక కేంద్రంలో పుట్టాల్సిన రికార్డులు సగటున ఐదుకు కాస్త ఎక్కువ. అందులో మూడు మొదటి పదేళ్లలోనే వచ్చేస్తాయి. మిగిలిన తొంభై ఏళ్లకు రెండు రికార్డులు, అంతే. పుస్తకం ఎంత పాతబడితే రికార్డులు అంత అరుదు కావాలి. అత్యధిక వేడి రికార్డులు ఎన్ని వస్తాయో, అత్యధిక చలి రికార్డులూ దాదాపు అన్నే రావాలి.

ప్రపంచం ఆ లెక్క తప్పి నడుస్తోంది. అమెరికాలో సుమారు 1,800 కేంద్రాల రోజువారీ రికార్డులను పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 1950లలో వేడి, చలి రికార్డులు దాదాపు సరిసమానం. 2000 తర్వాతి దశాబ్దానికి ప్రతి ఒక్క చలి రికార్డుకూ రెండు వేడి రికార్డులు. భూగోళం మొత్తం సగటు తీసుకుంటే ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కొలతల చరిత్రలో అత్యంత వేడి సంవత్సరాల వరస రాస్తే, మొదటి స్థానాలన్నీ 2015 నుంచి ఇటు వచ్చిన ఏళ్లవే. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందరి స్థాయి కంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. 1901 నుంచి ఉన్న మన దేశపు లెక్కలోనూ 2024దే ప్రథమ స్థానం. నూటపాతికేళ్ల పుస్తకంలో రికార్డు అనేది ఎప్పుడో ఒకసారి తగలాలి. అది ఏటా వార్త అవుతోందంటే, పుస్తకం మొదలెట్టినప్పటి వాతావరణం ఇప్పుడు లేదన్నమాట.

మరి బేగంపేట 45.5 సంగతి? ఒక ఊళ్లో ఒక మధ్యాహ్నం ఎంత కాసిందన్నది చాలా విషయాల మీద ఆధారపడుతుంది. ముందు నెలల్లో నేల ఎంత ఎండింది, వాయవ్యం నుంచి వడగాలి వీచిందా, మబ్బు పట్టిందా అన్నవన్నీ కలిసిరావాలి. 1966లో అలా కలిసొచ్చాయి. దీనికి తోడు మన దేశానికి మరో మెలిక ఉంది. ఫలోదీ రికార్డునూ, 2015లో తెలుగు రాష్ట్రాలను కాల్చేసిన వడగాడ్పులనూ కలిపి పరిశీలించిన అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం 2018లో ఒక పత్రం వెలువరించింది. మిగతా ప్రపంచంలోలాగా భారత్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రతలు సూటిగా పెరుగుతూ కనబడటం లేదని అందులో దాపరికం లేకుండా రాశారు. గాలిలోని పొగ, ధూళి ఎండను అడ్డుకోవడం, సాగునీరు విస్తరించి పైర్ల నుంచి ఆవిరి ఎగసి గాలిని కాస్త చల్లబరచడం ఇందుకు కారణాలన్నారు. అదే పత్రం గాలిలో తేమ పెరగడాన్నీ ప్రస్తావించింది. తేమ కలిసిన వేడిలో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. థర్మామీటర్ 42 చూపించినా ఒంటికి అంతకన్నా ఎక్కువే తగులుతుంది.

రాత్రుల సంగతి చూస్తే దాపరికమేమీ మిగలదు. 2024లో దేశవ్యాప్తంగా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు సాధారణం కంటే 0.20 డిగ్రీలు ఎక్కువ. రాత్రి కనిష్ఠాల సగటు 0.90 డిగ్రీలు ఎక్కువ. అంటే పెరుగుదల చాలావరకు పగటి రికార్డులు వెతికేవాళ్ల కంట పడని చోట జరుగుతోంది. పగలంతా ఎండలో పనిచేసిన మనిషి కోలుకునేది రాత్రే. రేకుల షెడ్డులోనో, స్లాబు వేసిన ఒంటిగదిలోనో తెల్లవార్లూ ఉక్కపోతతో పొర్లినవాడు మర్నాడు మళ్లీ ఎండలోకి వెళ్తే, వడదెబ్బ పగలు తగిలినా దాని సగం పని ముందు రాత్రే పూర్తయి ఉంటుంది. ఆరుబయట నులకమంచం వేసుకుని పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కున్న వేసవులు పెద్దవాళ్లకు గుర్తే. ఆ తేడాను చెప్పేది ఈ 0.90.

ప్రతి విపత్తునూ తెచ్చి వాతావరణ మార్పు ఖాతాలో వేయడం కూడా సరికాదు. 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగినప్పుడు అందరూ అదే అన్నారు. లెక్కలు కట్టిన శాస్త్రవేత్తలకు ఆ ఒక్క వానలో మనిషి వల్ల వచ్చిన మార్పు జాడ స్పష్టంగా దొరకలేదు. దొరకలేదనే రాశారు. ఈ లెక్క కట్టే పద్ధతి తెలిస్తే ఆ నిజాయితీ విలువ అర్థమవుతుంది. కంప్యూటర్ నమూనాల్లో రెండు లోకాలు సృష్టిస్తారు. ఒకదాంట్లో గాలిలో బొగ్గుపులుసు వాయువు ఇప్పుడున్నంత, మరొకదాంట్లో పరిశ్రమలు రాకముందున్నంత. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్లలో సుమారు 280 ఉన్న ఆ వాయువు, హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలత మొదలెట్టేనాటికి 315కు చేరింది. ఇప్పుడు 420 దాటింది. రెండు లోకాల్లోనూ వేలసార్లు వాతావరణాన్ని నడిపించి, ఫలానా స్థాయి ఎండ ఎన్నిసార్లు వచ్చిందో చూస్తారు. 2021 జూన్ 29న కెనడాలోని లిట్టన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. కెనడాలో! పాత లోకంలో ఆ ఎండ దాదాపు అసాధ్యమని తేలింది. మర్నాడే కార్చిచ్చు ఆ ఊరిని చాలావరకు బూడిద చేసింది. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తర భారతంలో గోధుమ గింజను కుదించేసిన వడగాడ్పులకు అవకాశం ముప్పై రెట్లు పెరిగిందని అదే పద్ధతి చెప్పింది. చెన్నై విషయంలో ‘తెలియదు’ అన్నవాళ్లే లిట్టన్ విషయంలో ‘అవును’ అన్నారు. అందుకే ఆ ‘అవును’కు బరువుంది.

ఇక్కడ ఒక మాట అనుకోక తప్పదు. ఈ శాస్త్రం పుట్టింది 2003 యూరప్ వడగాడ్పుల నుంచి. ఆ వేసవిలో అక్కడ డెబ్బైవేల మంది దాకా చనిపోయారు. మరుసటి ఏడు బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ స్టాట్ బృందం, మనిషి చేతల వల్ల అలాంటి వేసవికి అవకాశం కనీసం రెట్టింపైందని లెక్కగట్టింది. అదే 2003లో, యూరప్ కంటే రెండు నెలల ముందు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి మించి చనిపోయారు. ఆ చావుల మీద అప్పట్లో అలాంటి అధ్యయనం ఏదీ పుట్టలేదు. మళ్లీ 2015లో దేశంలో రెండువేలకు పైగా వడదెబ్బ మరణాలు నమోదైతే, అత్యధికం తెలుగు రాష్ట్రాలవే.

వాన కథ వేరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ దాదాపు ఏడు శాతం పెరుగుతుంది. ఇది పందొమ్మిదో శతాబ్దంలోనే తేలిన భౌతికశాస్త్ర సూత్రం, దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. అంత తేమ మోస్తున్న మబ్బు ఎక్కడైనా కొండకో అల్పపీడనానికో చిక్కితే ఒక్కచోటే కుమ్మరిస్తుంది. ఏడాది మొత్తంలో వాన పెద్దగా పెరగకపోయినా, కురిసే రోజులు తగ్గి, కురిసిన రోజున కుంభవృష్టి అవుతుంది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాలు 1950-2015 మధ్య మూడింతలయ్యాయని పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపించింది.

2023 జూలై 27 ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన ఇరవైనాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు తెలంగాణలో అత్యధికం 2013 జూలైలో వాజేడులో పడిన 517.5. పదేళ్లకే రికార్డు బద్దలైంది, అదీ 130 మిల్లీమీటర్ల తేడాతో! అనంతపురం జిల్లాలో ఏడాది పొడవునా పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. అంతకు మించిన వాన ఒక్క రాత్రీ పగలూ ఒక ఊరి మీద పడింది. పక్కనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తి, జనం మేడల పైకీ చెట్ల పైకీ ఎక్కి గడిపితే, హెలికాప్టర్లు, పడవలు వచ్చి దించాయి. ఏటూరునాగారం వైపు కొండాయి దగ్గర జంపన్నవాగు మనుషులను ఎత్తుకుపోయింది.

ఇక్కడా జాగ్రత్తగానే మాట్లాడాలి. తెలంగాణలో ఇప్పుడు వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. తాలూకాకొక గొట్టం ఉన్న రోజుల్లో లక్ష్మీదేవిపేట అడవుల్లో ఇంత వాన పడినా అది ఏ రిజిస్టర్‌కూ ఎక్కేది కాదు. 2005 జూలై 26న ముంబై శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్లు పడితే, అదే నగరంలోని కొలాబాలో పడింది 74 లోపే. వాన అంత దగ్గరలో అంత తేడాగా పడగలదు. కొలిచే చోట్లు పెరిగితే దొరికే రికార్డులూ పెరుగుతాయి. కాబట్టి కొత్త కేంద్రాల అంకెలతో పాటు, వందేళ్లుగా ఒకేచోట కదలకుండా కొలుస్తున్న పాత కేంద్రాలు ఏం చెబుతున్నాయో చూడాలి. మార్పును పట్టిచ్చేవి అవే. వాటినే మనం కార్యాలయాల విస్తరణ పేరిట పెరికేస్తున్నాం, పక్కన మూడంతస్తులు లేపుతున్నాం, పోస్టులు ఖాళీగా వదిలేస్తున్నాం.

ఈ కొలతలు ఊరికే పుట్టలేదు. 1864 అక్టోబర్‌లో ఒక తుపాను కలకత్తాను తుడిచిపెట్టింది. నెల తిరక్కుండా, నవంబర్ 1న, మరో తుపాను బందరు మీద పడి ముప్పైవేల మందిని మింగింది. 1866లో, 1871లో వానలు మొహం చాటేశాయి. ఆ దెబ్బల తర్వాతే 1875లో భారత వాతావరణ విభాగం ఏర్పడింది. ఏర్పడిన ఏడాదికే మన పెద్దలు ధాత కరువు అని పిలుచుకున్న మహాక్షామం వచ్చిపడింది. అంతకుముందరి గుంటూరు క్షామాన్ని నందన కరువు అన్నారు. రిజిస్టర్లు లేని కాలంలో సంవత్సరం పేరే రిజిస్టర్.

కొలతను పనిలోకి దించితే ఏమవుతుందో మూసీ చెబుతుంది. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదలో హైదరాబాద్‌లో పదిహేనువేల మంది దాకా చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందు పరీవాహకంలో ఏ గంటకు ఎంత వాన పడిందో, ఏ చెరువు ఎప్పుడు తెగిందో కూడగట్టి, నగరం దగ్గర వరద సుమారు నాలుగుంపావు లక్షల క్యూసెక్కులని లెక్కతేల్చాడు. ఆ అంకె మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. వందేళ్లుగా ఈ నగరం వాటి చాటున బతుకుతోంది. ఇప్పటి మన తీరు వేరు. 2000 ఆగస్టు 24న 241.5 మిల్లీమీటర్లు పడితే కమిటీ వేశాం, 2020 అక్టోబర్‌లో ఆ నెలకు శతాబ్దపు రికార్డు బద్దలైతే మళ్లీ అదే చర్చించాం. గంటకు రెండు సెంటీమీటర్ల వాన దాటితే డ్రెయిన్లు చేతులెత్తేస్తాయని అధికారులే చెబుతుంటారు. చెప్పి ఊరుకుంటారు.

డ్యామ్ కట్టేటప్పుడు ఇంజనీరు పాత రికార్డులు చూసి, వందేళ్లకో వెయ్యేళ్లకో ఒకసారి వచ్చే వరద ఇంత అని లెక్కగట్టి, దానికి తగ్గట్టు గేట్లు పెడతాడు. రాబోయే కాలం గడిచిన కాలంలాగే ఉంటుందన్న నమ్మకం ఆ లెక్కలో ఇమిడి ఉంది. శ్రీశైలాన్ని 19 లక్షల క్యూసెక్కుల వరదకు కట్టారు. 2009 అక్టోబర్ మొదట్లో వచ్చింది 25 లక్షలు దాటింది. అటు కర్నూలు, మంత్రాలయం మునిగాయి. డ్యామ్ ఎలా నిలబడిందా అని ఆ రాత్రి అక్కడ పనిచేసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రకాశం బ్యారేజీ తట్టుకునేది 11.90 లక్షల క్యూసెక్కులు. 2024 సెప్టెంబర్ 2న 11.43 లక్షలు దాటి కొత్త రికార్డు నమోదైంది. మిగిలిన తేడా అర లక్షకు తక్కువ. అదే సమయంలో బుడమేరు కట్టలు తెగి విజయవాడలో సగం నీళ్లలో ఉంది, ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది, మహబూబాబాద్ జిల్లాలో రైలుపట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టుకు ఆ కాస్త తేడా కూడా దక్కలేదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున మట్టికట్ట తెగి కింది ఊళ్లను తుడిచేసింది. గోదావరి మాత్రం ఇంకా పాత రికార్డు దాటలేదు. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. కానీ 1986 వరద వచ్చింది ఆగస్టు నడిమధ్యలో, గోదావరికి అలవాటైన కాలంలో. 2022లో జూలై నెల సగం గడిచేసరికే ఆ ఎత్తుకు వచ్చింది.

తుపాన్ల విషయంలో మనం నేర్చుకున్నాం. 1977 నవంబర్ 19న దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. 2014లో హుద్‌హుద్ విశాఖ నగరం నడిబొడ్డుకే వచ్చి, తుపానును కనిపెట్టే రాడార్‌నే దెబ్బకొట్టినా, రాష్ట్రంలో మరణాలు పదుల్లోనే ఆగాయి. ముందస్తు హెచ్చరిక, ఊళ్లు ఖాళీ చేయించడం, షెల్టర్లు కాపాడాయి. ఎండ విషయంలో ఆ స్థాయి యంత్రాంగం లేదు. తుపానుకు పేరు పెడతాం, ఎండకు పెట్టం. వడదెబ్బతో పోయిన కూలీ కుటుంబానికి సాయం రావాలంటే తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ముగ్గురూ అవునని సంతకం పెట్టాలి. గుండె ఆగిందని రాస్తే లెక్కలోంచి జారిపోయినట్టే. ఎండ చంపేది ఎక్కువగా గుండెను ఆపే కదా! 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి నాలుగు లక్షల పరిహారం నిర్ణయించింది. మంచిపని. పరిహారం చచ్చాక వచ్చేది. చావకుండా ఉండాలంటే మధ్యాహ్నం పని ఆపాలి, ఆపినందుకు కూలి కోత పడకూడదు. ఉపాధి హామీ పనిచోట టెంటు, నీళ్లు కాగితం మీదే ఉన్నంతకాలం హెచ్చరిక సెల్‌ఫోన్లో మోగి ఏం లాభం?

మరో చిన్న విషయం, చాలామంది గమనించనిది. వార్తల్లో ‘సాధారణం కంటే రెండు డిగ్రీలు ఎక్కువ’ అంటారే, ఆ సాధారణం కదులుతూ ఉంటుంది. ఇప్పుడు పోల్చేది 1991-2020 సగటుతో. ఆ ముప్పై ఏళ్లే అప్పటికే వేడెక్కిన ఏళ్లు. 2024 సాధారణం కంటే 0.65 డిగ్రీలే ఎక్కువన్నప్పుడు, ఆ ‘సాధారణం’ మన తాతల సాధారణం కాదని గుర్తుంచుకోవాలి. నైరుతి రుతుపవనాల దేశ సగటు కూడా అంతే. 1961-2010 లెక్కన 88 సెంటీమీటర్లున్నది, 1971-2020 లెక్కకు మారేసరికి 87 అయింది. సగటు తగ్గించుకుంటే లోటు వర్షపాతం కూడా కాగితం మీద సాధారణమైపోతుంది. తప్పు చేస్తున్నారని కాదు, ప్రపంచమంతా పాటించే పద్ధతే. పాత సగటును కూడా పక్కనే అచ్చువేస్తే చదివేవాడికి మార్పు కనబడుతుంది. పత్రికలుగా మేమూ ఆ పని చేయడం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు వెంటనే చేయగలిగినవి ఉన్నాయి. తాలూకా కచేరీల్లో, రైల్వే స్టేషన్లలో, ఆనకట్టల దగ్గర వందేళ్ల వర్షపాతం రిజిస్టర్లు చెదలు పట్టకముందే కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టాలి. 2009, 2021, 2024 వరదలను కలుపుకుని ప్రతి పెద్ద డ్యామ్‌కూ, ప్రతి నగరపు డ్రెయిన్‌కూ కొత్త లెక్క కట్టించి, అది పాత లెక్కకు ఎంత దూరంలో ఉందో బయటపెట్టాలి. రాత్రి ఉష్ణోగ్రతనూ తేమనూ కలుపుకుని వడగాడ్పు హెచ్చరిక ఇవ్వాలి. పాత కేంద్రాల చుట్టూ కొత్త కట్టడాలు ఆపాలి.

పాఠకులూ ఒక పని చేయవచ్చు. మీ మండల కార్యాలయానికి పనిమీద వెళ్లినప్పుడు అక్కడి రెయిన్ గేజ్ ఎక్కడుందో అడగండి. దాని పక్కన చెట్టు పెరిగిందా, గోడ లేచిందా చూడండి. నిన్నటి అంకె రాశారో లేదో అడగండి. వాన పడకపోతే సున్నా వేశారో లేదో కూడా అడగండి.